తొలి దరఖాస్తు

ఏటేటా పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి మండల కేంద్రములలోని నెట్ సెంటర్లలో ఒక దృశ్యము కనబడుచుండును. ప్లాస్టిక్ సంచిలో మార్కుల పత్రము, ఆధార్ కార్డు, రెండు ఫోటోలు పెట్టుకొని ఒక పిల్లవాడో పిల్లయో బల్లమీద కూర్చుండి యుండును. ప్రక్కన తల్లియో తండ్రియో నిలుచుండి యుందురు. సెంటరు యజమాని తల ఎత్తకుండ పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి, కంప్యూటరులో ముందే యున్న ఒక నమూనాలో వానిని నింపి, అయిదు నిమిషములలో కాగితమును చేతిలో పెట్టును. అదియే బయోడేటా. ఆ బిడ్డ తన్ను గూర్చి లోకమునకు చెప్పుకొను మొదటి కాగితము అది. దానిలో ఆ బిడ్డ స్వయముగా వ్రాసిన మాట ఒక్కటియు ఉండదు.

ఇటీవల అట్టి కాగితములను పది పన్నెండింటిని ఒకచోట పెట్టుకొని చదువుటకు మాకు అవకాశము కలిగినది. పేర్లు వేరు, ఊళ్లు వేరు, తక్కినదంతయు ఒక్కటే. అందరి బలము 'కష్టపడి పనిచేయుట'. అందరి అభిరుచి క్రికెట్టు, పాటలు వినుట. పైభాగమున 'లక్ష్యము' అను శీర్షిక క్రింద, సవాళ్లతో కూడిన వాతావరణములో తమ నైపుణ్యములను సంస్థ అభివృద్ధికి వినియోగింపదలచినట్లు ఇంగ్లీషులో ఒక పొడుగైన వాక్యము. ఏ ఇంజనీరింగు పట్టభద్రుని కొరకో ఎవరో ఎన్నడో వ్రాసిన ఆ వాక్యము పదునారేండ్ల పిల్లల కాగితములకు ఎక్కినది. దాని అర్థమేమని ఒక బాలుని అడిగితిమి. వాడు నవ్వి, "అది అందరికీ ఉంటుందండీ" అన్నాడు.

అదే చోట ఒక బాలికను, "నీవు ఇంతవరకు ఏమి పనులు చేసితివమ్మా?" అని అడిగితిమి. "ఏమీ లేదండీ, చదువుకున్నాను" అని చెప్పినది. ప్రక్కనున్న తల్లి ఊరుకొనక, "మా సంఘం లెక్కలన్నీ అదే రాస్తుందండీ, రెండేళ్లనుంచీ" అన్నది. పొదుపు సంఘములో సభ్యులు పదిమంది. నెలనెలా ఒక్కొక్కరు కట్టు పొదుపు, తీసికొన్న అప్పులు, వాయిదాలు, నూటికి రూపాయి చొప్పున వడ్డీ, సమావేశములో చేసిన తీర్మానము - ఇవన్నియు ఆ పిల్ల చేతి వ్రాతలోనే యున్నవి. బ్యాంకు పాసుపుస్తకముతో సరిచూచునది కూడ ఆమెయే. బయోడేటాలో మాత్రము 'అనుభవము' అను గడిలో 'లేదు' అని యున్నది.

మన పిల్లల తొలి దరఖాస్తులలోని లోపము ఇదియే యని మాకు తోచుచున్నది. చేయనిదానిని అచ్చు వేయించుకొనుచున్నారు. చేసినదానిని లెక్కలోనికి తీసికొనకున్నారు. జీతము పుచ్చుకొని చేసినదే పని అనియు, ఇంటిలోను పొలములోను బడిలోను చేసినది పని కాదనియు పెద్దలమే వారికి నేర్పితిమి.

ముందుగా వయస్సు సంగతి చెప్పవలసి యున్నది. 14 ఏండ్లు నిండని బాలబాలికలను ఏ వృత్తిలోను పనికి పెట్టుకొనరాదని 2016లో సవరింపబడిన బాలకార్మిక నిషేధ చట్టము శాసించుచున్నది. బడి వేళలు పోగా, సెలవులలో, ప్రమాదము లేని సొంత కుటుంబపు పనిలో సాయపడుట దీనికి ముఖ్యమైన మినహాయింపు. 14 నుండి 18 ఏండ్ల లోపువారిని గనులలోను, ప్రేలుడు పదార్థములు, త్వరగా అంటుకొను పదార్థముల దగ్గరను, చట్టము ప్రమాదకరములని పేర్కొన్న ప్రక్రియలలోను నియమింపరాదు. బాణసంచా పనికి పిల్లవానిని పంపుమని ఎవరైన అడిగినచో, దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనని యోచింపక 1098 నంబరుకు ఫోను చేయవలెను. అది పిల్లల సహాయము కొరకు ఏర్పడిన నంబరు.

ఇక పదవ తరగతి ముగించిన 15, 16 ఏండ్లవారికి చదువు కొనసాగించుటయే మొదటి మార్గము. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. - వేనిలో చేరవలెనన్నను దరఖాస్తు తప్పదు గనుక ఈ వ్యాసములోని మాటలు వానికిని పనికివచ్చును. కాలేజి తెరచులోపల రెండు నెలలు దుకాణములో బిల్లులు వ్రాయుటకు, కుట్టు కేంద్రములో సాయపడుటకు అడుగువారు కలరు. అప్రెంటిస్‌గా చేరి, భృతి పొందుచు పని నేర్చుకొనువారు కలరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము ప్రకారము కనీస వయస్సు 14 ఏండ్లు. ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన వృత్తులలో 18. మైనరు బిడ్డ తరఫున ఒప్పందముపై తల్లియో తండ్రియో సంరక్షకుడో సంతకము చేయవలెను. 2019లో సవరించిన నియమములలో చదువునుబట్టి నెలకు కనీసము 5,000 నుండి 9,000 రూపాయల వరకు భృతి నిర్ణయింపబడినది. రేట్లు మారుచుండును గనుక దరఖాస్తు చేయునాటి రేటును దగ్గరి ఐ.టి.ఐ.లో కనుగొనుట మేలు.

అనుభవము లేదనుకొను పిల్లలకు ఒక చిన్న సంగతి చెప్పెదము. తపాలా శాఖవారు గ్రామీణ డాక్ సేవకుల నియామకములకు వెలువరించు ప్రకటనలను చూడుడు. వయస్సు 18 నిండవలెను. పదవ తరగతి మార్కులనుబట్టియే ఎంపిక. వ్రాత పరీక్ష లేదు. స్థానిక భాషను పదవ తరగతి వరకైనను చదివి యుండవలెను. వీనితోపాటు మరియొక అర్హత గూడ అందు కనబడును - సైకిలు తొక్కుట వచ్చి యుండవలెను. మన ఊళ్లలో ఏ పిల్లవాడును తన అర్హతలలో సైకిలు తొక్కుటను వ్రాయడు. పాలకేంద్రమునకు ఉదయము ఆరు గంటలకు పాలు చేర్చి, వెన్న శాతపు చీటీ తెచ్చి, పదునైదు రోజుల కొకసారి లెక్క కట్టించుకొను బాలుడు ఆ సంగతి వ్రాయడు. మోటారు కాలిపోయినప్పుడు మెకానిక్కు ప్రక్కన కూర్చుండి తీగ చుట్టుట చూచి, రెండవసారి తానే చుట్టిన బాలుడును వ్రాయడు. ఇంట జబ్బుపడిన తాతకు వేళకు మందులిచ్చి, ఆసుపత్రి చీటీలన్నియు తేదీల వరుసను దాచిన బాలికయు వ్రాయదు.

వ్రాయుట ఎట్లు? పెద్ద మాటలు అక్కరలేదు. ఏ పని, ఎంతకాలము, ఎన్ని, ఎవరికి తెలియును - ఈ నాలుగు చెప్పిన చాలును. 'నాకు బాధ్యతాయుత స్వభావము కలదు' అనుట గాలిమాట. 'ఎనిమిదవ తరగతినుండి మూడేండ్లు మా బడి గ్రంథాలయపు పుస్తకముల పట్టిక నేను వ్రాసితిని' అనునది విచారించుకొనదగిన మాట. చదువువాడు కావలెనన్న ఆ పట్టికను తెప్పించుకొని చూడగలడు. అట్లని గోరంతను కొండంత చేయరాదు. మోటారు తీగ ఒకసారి చుట్టినవాడు 'ఒకసారి చుట్టితిని' అనియే వ్రాయవలెను. 'మోటారు మరమ్మతు వచ్చును' అని వ్రాసినచో మొదటి దినముననే మోటారు ముందు కూర్చుండబెట్టుదురు.

దరఖాస్తు ఎట్లుండవలెనో చెప్పుటకు మన దేశములోనే ప్రసిద్ధమైన ఉదాహరణ యొకటి కలదు. 1912 ఫిబ్రవరిలో మద్రాసు తిరువల్లిక్కేణి నుండి 24 ఏండ్ల యువకుడొకడు పోర్టు ట్రస్టు కార్యాలయములో గుమాస్తా పని ఖాళీగా నున్నదని విని దరఖాస్తు పంపినాడు. అతడు మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడు. ఆపైన ఎఫ్.ఏ. పరీక్ష తప్పినాడు, గణితము తప్ప తక్కిన విషయములపై మనసు నిలువకపోవుటయే కారణము. చేతిలో డిగ్రీ లేదు. ఆ దరఖాస్తు కొద్ది వాక్యములే. మెట్రిక్యులేషన్ ప్యాసైనట్లును, ఎఫ్.ఏ. వరకు చదివినట్లును, కొన్ని ప్రతికూల పరిస్థితులవలన చదువు సాగనట్లును చెప్పి, అప్పటినుండి కాలమంతయు గణితమునందే వినియోగించుచున్నట్లును, పని ఇచ్చినచో న్యాయము చేయగలనను నమ్మకమున్నట్లును వ్రాసినాడు. ప్రెసిడెన్సీ కాలేజి గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు పత్రము జతపరచినాడు. మార్చి 1వ తేదీన నెలకు 30 రూపాయల జీతముతో పని దొరకినది. ఆ గుమాస్తాయే శ్రీనివాస రామానుజన్.

మహా గణితవేత్త గనుక పని దొరకినదని పాఠకులు అనవచ్చును. పోర్టు ట్రస్టులోని వారిలో కొందరికి అతని గణితమును గూర్చి తెలిసియుండిన మాట నిజమే. అయినను ఆ కాగితమునందలి పద్ధతిని గమనింపుడు. పరీక్ష తప్పితినని ఏడ్చుకొనలేదు, ప్యాసైతినని బొంకలేదు. చదువు ఆగినదని ఒక్క వాక్యములో చెప్పి ముందుకు నడచినాడు. ఆగిన కాలములో ఏమి చేసినదియు చెప్పినాడు. ఇది సప్లిమెంటరీలో గట్టెక్కిన మన పిల్లలకును, ఒక ఏడు పత్తి ఏరుటలో గడచిపోయి మరల బడికి వచ్చిన పిల్లలకును పనికివచ్చు పద్ధతి. ఆ ఏటిని దాచవద్దు. 'కుటుంబ కారణములచే ఒక సంవత్సరము బడి మానితిని. ఆ కాలములో వ్యవసాయపు పనులు చేసితిని. మరుసటి ఏడు మరల చేరి ఉత్తీర్ణుడనైతిని' - ఇంతకుమించి అక్కరలేదు. మానిన చదువునకు మరల వచ్చినవాడని చదువువారు తెలిసికొందురు.

అదే రామానుజన్ మరుసటి ఏడు, 1913 జనవరిలో, కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి వ్రాసిన ఉత్తరములో తన వయస్సు సుమారు 23 ఏండ్లని పేర్కొన్నాడు. అప్పటికి అతనికి 25 నిండినవి. హార్డీ గణితమును చూచెను గాని వయస్సును చూడలేదు. మన పిల్లల దరఖాస్తులను చూచువారు మాత్రము ముందుగా వయస్సునే చూతురు. మన ఊళ్లలో చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఒక తరము క్రిందట పిల్లను బడిలో చేర్చునాడు తల్లిదండ్రులు, 'తుపాను ఏడు పుట్టినాడు', 'మా పెద్దాయన పోయిన ఏడు పుట్టినది' అని చెప్పుచుండిరి. అయిదేండ్లు నిండునట్లుగా ఉపాధ్యాయుడు జూన్ నెలలో ఒక తేదీ వేయుచుండెను. నేడు ఆసుపత్రి కాన్పులు పెరిగినవి. జనన ధ్రువపత్రములు వచ్చుచున్నవి. అయినను పత్రము పెట్టెలో ఉండగా బడిలో నోటిమాటగా వేరొక తేదీ చెప్పిన ఇండ్లు ఇప్పటికిని ఉన్నవి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరునాటినుండియు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారమని సవరించిన చట్టము చెప్పుచున్నది. ఇప్పుడు పది చదువుచున్న పిల్లలు అంతకు ముందు పుట్టినవారు. వారికి పదవ తరగతి పత్రములోని తేదీయే జీవితాంతము వెంట వచ్చును.

పేరు సంగతి ఇంకను చిక్కు. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత వ్రాయుట మన వాడుక. కంప్యూటరు దరఖాస్తులో 'మొదటి పేరు' అని ఒక గడియు, 'చివరి పేరు' అని ఒక గడియు ఉండును. మొదట వచ్చునది ఇంటిపేరే గదా యని పిల్లవాడు దానిని మొదటి గడిలో వ్రాయును. ఆ గడిలో కోరునది పెట్టిన పేరు. ఇంటిపేరు చివరి గడిలోనికి పోవలెను. మార్కుల పత్రములో ఇంటిపేరు పూర్తిగా ఉండును. ఆధార్‌లో పొడి అక్షరమే ఉండును. బ్యాంకు పుస్తకములో అదియు ఉండదు. 'లక్ష్మి' యను పేరును ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ అక్షరముతోను, మరొకరు కె, ఎస్, హెచ్ అక్షరములతోను వ్రాయుదురు. పలుకుటకు ఒక్కటే, కంప్యూటరునకు మాత్రము ఇద్దరు మనుష్యులు. పేరు కలియలేదని దరఖాస్తు తిరిగివచ్చిన ఒక బాలుడు మాకు తెలియును. మూడు కాగితములలో మూడు విధములుగా నున్న ఆ పేరును సరిచేయుటకు అతడు కార్యాలయముల చుట్టు తిరుగుచుండగనే అప్రెంటిస్ గడువు దాటిపోయినది. తప్పు అతనిది కాదు. పేరు వ్రాసిన ముగ్గురిలో ఒక్కరును అతనిని అక్షరములు అడుగలేదు.

కావున తల్లిదండ్రులకు ముఖ్యముగా చెప్పునదేమనగా, దిద్దుకొనుటకు సులువైన సమయము పదవ తరగతి పరీక్షకు ముందే. పరీక్షకు కూర్చుండు విద్యార్థుల పట్టిక పాఠశాలలో తయారగుచున్నప్పుడు, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఎట్లు వ్రాసిరో ప్రధానోపాధ్యాయుని అడిగి కన్నులార చూడుడు. చదువురాని తల్లియైనచో బిడ్డచేత చదివించి వినవలెను. పత్రము అచ్చయిన పిమ్మట దిద్దించుటకు మరల పాఠశాల ద్వారా పరీక్షల శాఖకు అర్జీ పెట్టి, ఆధారములు చూపి, నెలల తరబడి వేచియుండవలసి వచ్చును. ఆధార్‌లో పేరు మార్చుటకు సాధారణముగా రెండుసార్లు, పుట్టిన తేదీ మార్చుటకు ఒక్కసారి మాత్రమే అవకాశము గలదు. అందుచేత తొందరపడి ఆధార్‌ను ముందు దిద్దించి, తరువాత మార్కుల పత్రమును చూచుకొనరాదు. పత్రము ఎట్లున్నదో దానినిబట్టి ఆధార్‌ను, దానినిబట్టి బ్యాంకు పుస్తకమును దిద్దుకొనవలెను. బయోడేటాలో పేరును పత్రములో నున్నట్లే, అక్షరము పొల్లుపోకుండ వ్రాయవలెను. ఇంట పిలుచుకొను ముద్దుపేరు దానికి పనికిరాదు.

ఫోను నంబరును గూర్చియు ఒక మాట. పిల్లవానికి సొంత ఫోను లేదు. ఉండవలెననియు మేము చెప్పము. సెంటరు యజమాని పని త్వరగా ముగియవలెనని తన నంబరును, తన ఈమెయిలును దరఖాస్తులో వేయును. ఓ.టి.పి. అతనికే వచ్చును, పని జరిగిపోవును. నెల గడచిన తరువాత ఎంపికైనట్లు వచ్చు సందేశము గూడ అతనికే పోవును. రోజునకు నలుబదిమంది కాగితములు చూచువాడు అది ఎవరిదని జ్ఞాపకముంచుకొనును? తండ్రి నంబరో తల్లి నంబరో, రీఛార్జి లేక ఆగిపోనిది ఒకటి వ్రాయవలెను. ఈమెయిలు బిడ్డ పేరుతో తెరచి, దాని రహస్యపదమును ఇంట ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఆ పుస్తకములోనే ఏ తేదీన, ఎక్కడికి, ఏ నంబరుతో దరఖాస్తు పంపినదియు వ్రాసి పెట్టుకొన్నచో అడుగబోయినప్పుడు తడుముకొననక్కరలేదు.

బయోడేటాలో ఆధార్ నంబరు వేయనక్కరలేదు. కులము, మతము, తండ్రి ఆదాయము - ప్రభుత్వపు దరఖాస్తులో అడిగిన గడిలో మాత్రమే చెప్పవలెను. దుకాణదారునకు అవి ఎందులకు? ఆడపిల్లల ఫోటోలను, ఇంటి గుర్తులను ముక్కుమొగము తెలియనివారికి వాట్సాపులో పంపరాదు. నకలు పత్రములు ఎన్నియైన ఇవ్వవచ్చును. అసలు పత్రములను చూపి తిరిగి తీసికొనవలెనే గాని ఉద్యోగ మిచ్చువాని బీరువాలో పెట్టి రారాదు. చేరుటకు డిపాజిట్టు, యూనిఫారమునకు సొమ్ము, శిక్షణకు సొమ్ము ముందుగా పంపుమని ఫోనులో అడుగువాడు ఉద్యోగ మిచ్చువాడు కాడు, సొమ్ము పుచ్చుకొనువాడు. పంపి మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము ఆపుటకు అంత వీలుండును.

మనలను గూర్చి తెలిసినవారిగా ఇద్దరి పేర్లు వ్రాయుట మంచిది. సర్పంచి పేరు వేసిన గౌరవముగా నుండునని కొందరనుకొందురు. ఆయన పిల్లవానిని గుర్తుపట్టనిచో గౌరవము మాట యటుంచి అనుమానము కలుగును. లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడు, పాలకేంద్రపు మనిషి, సంఘపు అధ్యక్షురాలు - పనిని కన్నులార చూచినవారు మేలు. వారి అనుమతి ముందుగా అడుగుట మర్యాద.

ఇంగ్లీషులోనే వ్రాయవలెనా యని పిల్లలందరును అడుగుచుందురు. ప్రకటన ఇంగ్లీషులో నున్నచో ఇంగ్లీషులోనే వ్రాయుడు. చిన్న వాక్యములు చాలును, ఉపాధ్యాయునిచేత దిద్దించుకొనవచ్చును. దిద్దిన ప్రతి మాటకును అర్థము చెప్పగలిగి యుండవలెను. మండలములోని దుకాణమునకో, కేంద్రమునకో తెలుగులో వ్రాయుట తక్కువతనము కాదు. అయ్యా యని మొదలిడి, వచ్చిన పని చెప్పి, సంతకము చేయుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. అయితే 'కడు బీదవాడను, తమ దయయే దిక్కు' అను ధోరణి వలదు. ఎదుటివానికి కావలసినది పని చేయు మనిషి. తన బీదతనమును చూపి అడిగినవానికి జీతముగూడ జాలినిబట్టియే కట్టుదురు.

మొదట చెప్పిన బాలిక పాలిటెక్నిక్ ప్రవేశము కొరకు వేచియుండినది. మండల కేంద్రములో పుస్తకములు, కాగితములు అమ్ము దుకాణమునకు బడులు తెరచు నెలలలో మనిషి కావలెనని గోడమీద ప్రకటన అంటించి యుండిరి. మేము అక్కడ నున్న రెండు దినములలో ఆమె తన దరఖాస్తును మూడుసార్లు తిరుగ వ్రాసినది. చివరి ప్రతిలో మేము చేర్చినది కామాలు, చుక్కలు మాత్రమే. ఆమె తల్లి అనుమతితో పేరు, ఊరు తీసివేసి ఇచ్చట ఇచ్చుచున్నాము:

"అయ్యా, మీ షాపులో జూన్, జూలై నెలలకు బిల్లులు రాయడానికి మనిషి కావాలని గోడమీద చూశాను. ఆ పనికి దరఖాస్తు చేస్తున్నాను. నాకు పదహారేళ్లు నిండాయి. ఈ సంవత్సరం పదవ తరగతి పాసయ్యాను. మార్కుల పత్రం నకలు జతపరిచాను. రెండు సంవత్సరాలుగా మా అమ్మగారి పొదుపు సంఘం పుస్తకాలు నేనే రాస్తున్నాను. సభ్యులు పదిమంది. పొదుపు, అప్పు, వడ్డీ కూడికలు వేసి బ్యాంకు పుస్తకంతో సరిచూస్తాను. తెలుగు, ఇంగ్లీషు చదివి రాయగలను. కంప్యూటరు మీద బిల్లు వేయడం రాదు, చూపిస్తే నేర్చుకుంటాను. మా ఊరికి చివరి బస్సు సాయంత్రం ఆరింటికి. అందువల్ల అయిదు ముప్పావు వరకు ఉండగలను. కాలేజీలో సీటు వస్తే చేరతాను, వారం రోజులు ముందుగా చెబుతాను. నా గురించి మా లెక్కల మాస్టారిని, సంఘం అధ్యక్షురాలిని అడగవచ్చు. వారికి చెప్పాను. ఫోను నంబరు మా నాన్నగారిది."

'కంప్యూటరు మీద రాదు' అను వాక్యమును కొట్టివేయుమని తండ్రి పట్టుపట్టినాడు. చివరి బస్సు సంగతి వ్రాసిన పని రాదని తల్లి భయపడినది. రెండును ఉండవలెనని పిల్ల అన్నది. ఉండకపోయినచో మొదటి సాయంత్రమే చెప్పవలసి వచ్చునని ఆమె వాదన. మేము ఆమె పక్షమునే యుంటిమి.

దుకాణదారుడు ఉత్తరము చదివి, సంఘము పుస్తకమును తెచ్చి చూపుమన్నాడు. అధ్యక్షురాలు పుస్తకమును ఒంటరిగా పంపనని తానును బస్సెక్కినది. ఆయన పుటలు తిప్పి, ఒకచోట అంకె కొట్టివేసి పైన మరియొక అంకె వ్రాసి యుండుట చూచి, ఇదేమని అడిగినాడు. "ఒకరి వాయిదా ఇంకొకరి కింద రాశానండీ. తర్వాత నెల కూడిక కలవలేదు, వెతికితే దొరికింది. పక్కన సంతకం మా అధ్యక్షురాలిదే" అని బాలిక చెప్పినది. అధ్యక్షురాలు ఔనన్నది. ఆయన పుస్తకము మూసి, పని వేళ ఉదయము తొమ్మిదినుండి సాయంత్రము అయిదున్నర వరకనియు, ఆదివారము సెలవనియు చెప్పి, జీతము సంగతి మాట్లాడుటకు తండ్రిని వెంటబెట్టుకొని సోమవారము రమ్మన్నాడు.

తిరుగు ప్రయాణములో అధ్యక్షురాలు బస్సులో అడిగినదట: "నువ్వు షాపుకి పోతే, ఈ నెల లెక్కలు ఎవరు రాస్తారే?" ఆదివారము తాను వ్రాయుదునని పిల్ల మాట యిచ్చినది.